కొమ్మయ్య ఫోనూ, ముగ్గురు కావలివాళ్లూ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఏనుగు దగ్గర్నుంచి ఎలుక దాకా అందరి దగ్గరా ఫోన్లుండేవి. ఎవరు కొనిచ్చారు, చార్జింగ్ ఎక్కడ పెట్టుకునేవారు అని అడక్కండి పిల్లలూ. జంతువులు మాట్లాడతాయంటే ఒప్పుకున్నారు కదా. ఇదీ ఒప్పుకోండి.

ఆ అడవిలో ఒక నల్లమద్ది చెట్టు ఉంది. ఆ చెట్టు తొర్రలో కొమ్ముపిట్టల జంట ఒకటి కాపురముండేది. మగపిట్ట పేరు కొమ్మయ్య. ఆడపిట్ట పేరు రేగమ్మ.

కొమ్ముపిట్టకు ముక్కు పొడుగు. ఆ ముక్కు మీద చిన్న కొమ్ములాంటి బుడిపె ఉంటుంది. ఆ పిట్టలకు ఒక ఆచారం ఉంది. గుడ్లు పెట్టే రోజులు రాగానే తల్లిపిట్ట తొర్రలోకి వెళ్లి కూర్చుంటుంది. తండ్రిపిట్ట మట్టి ఉండలు మోసుకొచ్చి ఇస్తుంది. తల్లి లోపలి నుంచి ఆ మట్టితో ద్వారం మెత్తేస్తుంది. చివరికి ఒక సన్నటి నిలువు కంత మాత్రం మిగులుతుంది. తండ్రి ఆ కంతలోంచి ఒక్కొక్క పండు అందిస్తుంది. లోపలున్న తల్లికి రెక్కల ఈకలు రాలిపోతాయి. కొత్తవి మొలిచేదాకా ఎగరలేదు. రెండు నెలల పైచిలుకు అలా గోడ వెనకే ఉంటుంది.

అంటే రేగమ్మ, ఆమె ఒడిలోని ఇద్దరు పసికూనలు, ముగ్గురూ కొమ్మయ్య మీదే బతకాలి. కొమ్మయ్యకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే ఫోనును ప్రాణంలా చూసుకునేవాడు. రేగమ్మ రోజుకు ముప్పైసార్లు ఫోన్ చేసేది.

"ఏమయ్యా, ఎక్కడున్నావు?"

"జువ్వి చెట్టు మీద."

"జువ్విపండ్లు వద్దు. నిన్నటివి పుల్లగా ఉన్నాయి. పిల్లలు ఉమ్మేశారు. మేడిపండ్లు తే."

"మేడిచెట్టు ఏటి అవతల కదే ఉంది!"

"నీకు రెక్కలున్నాయిగా. లేనిది నాకు."

కొమ్మయ్య నవ్వుకుని ఏరు దాటేవాడు.

ఒకరోజు ఉదయం జువ్విచెట్టు కొమ్మ మీద తొండ రంగప్ప ఎదురయ్యాడు. రంగప్ప ఏం చెప్పినా తల ఊపుతూ చెబుతాడు. భయపెట్టే మాట చెప్పేటప్పుడు మెడ ఎర్రగా మారుతుంది.

"బావా, విన్నావా? అడవిలో ఫోన్ పురుగు తిరుగుతోంది" అన్నాడు రంగప్ప.

"పురుగా? లావుగా ఉంటుందా?" అని ఆశగా అడిగాడు కొమ్మయ్య.

"నువ్వు తినే పురుగు కాదు. ఫోన్‌లో దూరే పురుగు. అది దూరిందంటే ఫోను మూగబోతుంది."

కొమ్మయ్య రెక్కలు దగ్గరకు తీసుకున్నాడు. "ఎవరి ఫోన్‌లో దూరింది?"

"చాలామందికి దూరింది."

"ఒక్కరి పేరు చెప్పు."

రంగప్ప మెడ ఎర్రబడింది. "పేర్లు చెప్పుకుంటూ కూర్చో. ఈలోపు నీకూ దూరుతుంది. లోపల చెల్లెమ్మ ఉంది, పసికూనలున్నారు. ఆమె పిలిచినా నీ ఫోను మోగకపోతే ఏం చేస్తావు? ఒక లింక్ పంపిస్తా. నొక్కు. ఉచితమే."

కొమ్మయ్య నొక్కాడు. తెర ఎర్రగా మెరిసింది. "ప్రమాదం! మీ ఫోన్‌లో పదిహేడు పురుగులున్నాయి. వెంటనే ఉక్కుకవచం పెట్టుకోండి" అని వచ్చింది.

అప్పుడు ఫోను తనంతట తాను ఒక మాట అడిగింది. "ఇది మన యాప్‌ల అంగడిలోది కాదు. ఎవరు చేశారో తెలియదు. అయినా పెట్టమంటారా?"

కొమ్మయ్య ఆగాడు.

"అది అలాగే సణుగుతుంది బావా. సరే అను" అన్నాడు రంగప్ప.

కొమ్మయ్య సరే అన్నాడు. తర్వాత ఉక్కుకవచం అడగడం మొదలుపెట్టింది. నీ కాల్స్ చూడనిస్తావా? సరే. నీ స్నేహితుల నంబర్లు చూడనిస్తావా? సరే. నువ్వు ఎక్కడెక్కడ తిరుగుతున్నావో ఎప్పుడూ చూడనిస్తావా? సరే.

తెర పచ్చగా మారింది. "మీరిప్పుడు క్షేమం" అని వచ్చింది. కొమ్మయ్య హమ్మయ్య అనుకున్నాడు.

రెండురోజుల తర్వాత ఆ ఉక్కుకవచంలోనే ఒక ప్రకటన వచ్చింది. "ఒక్క కవచం చాలునా? వజ్రకవచం కూడా పెట్టుకోండి." కొమ్మయ్య అదీ పెట్టుకున్నాడు. ఇంకో రెండురోజులకు వజ్రకవచంలో ఇంకో ప్రకటన వచ్చింది. "రెండు కవచాలు చాలునా? గరుడనేత్రం కూడా పెట్టుకోండి."

కొమ్మయ్య ఆలోచించాడు. అతనిది గోడ మెత్తే వంశం. రేగమ్మ ద్వారానికి మట్టి మూడుసార్లు మెత్తింది. తానే మోసుకొచ్చిన మట్టి అది. గూటికి మూడు పొరలు కావాలంటే ఫోనుకూ మూడు పొరలు కావాలి కదా! గరుడనేత్రమూ పెట్టేశాడు. కొత్తవి రెండూ అవే అడిగాయి. అతనూ అన్నిటికీ సరే అన్నాడు.

ఇంకో సంగతి. రోజూ తెల్లారేసరికి అతని ఫోను ఒక మాట చెప్పేది. "కొత్త అప్‌డేట్ సిద్ధంగా ఉంది. నలభై నిమిషాలు పడుతుంది. ఇప్పుడు చేయమంటారా, తర్వాతా?" నలభై నిమిషాలు ఫోను లేకుండా ఎలా? రేగమ్మ పిలిస్తే? కొమ్మయ్య రోజూ "తర్వాత" నొక్కేవాడు.

వారం గడిచింది. ఫోను వేడెక్కడం మొదలైంది. పండు మీద పెడితే పండు వెచ్చబడేది. రేగమ్మ "హలో" అంటే ఆ హలో వినబడేసరికి ఆమె మూడో మాటలో ఉండేది. పైగా ముగ్గురు కావలివాళ్లకూ పడలేదు. "వజ్రకవచం అనుమానాస్పదంగా ఉంది" అనేది ఉక్కుకవచం. "ఉక్కుకవచమే పురుగు" అనేది వజ్రకవచం. "ఇద్దర్నీ తీసేయండి" అనేది గరుడనేత్రం.

"కాపలా గట్టిగానే ఉంది" అనుకున్నాడు కొమ్మయ్య. "కుక్కలు మొరుగుతున్నాయంటే మేలుకుని ఉన్నట్టే."

ఆ తర్వాతి రోజు పొద్దున్నుంచి ఒక్క ఫోనూ రాలేదు. పిల్లలు హాయిగా నిద్రపోతున్నారేమో అనుకున్నాడు. ఆ రోజు తీరిగ్గా ఏరు దాటాడు. మాగిన మేడిపండ్లు ఏరి ఏరి గొంతునిండా నింపుకున్నాడు. మధ్యాహ్నానికి నల్లమద్ది చెట్టు చేరాడు.

చెట్టు మొదట్లో మట్టి పెళ్లలు పడి ఉన్నాయి.

పైకి చూశాడు. గోడ మీద గోళ్ల గీతలు. కంత కింద గోడ విరిగి, పిడికిలంత బొక్క పడింది. బొక్కలోంచి రేగమ్మ ముక్కు బయటికి ఉంది. ముక్కు కొస నెత్తురోడుతోంది.

"రేగా!"

"వచ్చావా" అంది రేగమ్మ. గొంతు బొంగురుపోయింది. "పిల్లలకేం కాలేదు. పన్నెండుసార్లు ఫోన్ చేశాను. ఎక్కడ చచ్చావు?"

"నా ఫోను మోగలేదే!"

కొమ్మయ్య ఫోను తీసి చూశాడు. వెతగ్గా వెతగ్గా ఉక్కుకవచంలో ఒక మూల కనబడింది. "ఈ నంబరు రోజుకు ముప్పైసార్లు కాల్ చేస్తోంది. అనుమానాస్పదం. మీ రక్షణ కోసం ఆపేశాం."

"ఏ నంబరు?" అని అడిగింది రేగమ్మ.

కొమ్మయ్య తల వంచుకున్నాడు. "నీది."

లోపల పిల్లలు ఆకలికి కీచుమన్నారు. కొమ్మయ్య ఒక్కొక్క పండు తీసి అందించాడు.

"ఎవరు వచ్చారు?" అని అడిగాడు.

"ఉడుము. నేరుగా వచ్చాడు. ఇన్నాళ్లూ ఈ ఛాయలకు రానివాడు. 'గూడు ఎలా తెలిసిందిరా' అన్నాను. ఏమన్నాడో తెలుసా? 'నా ఫోన్‌లో ప్రకటన వచ్చిందమ్మా. మీ దగ్గర్లోనే ఆహారం, ఒక పిట్ట రోజుకు ఇరవైసార్లు ఆగే చోటు ఇదీ అని దారి కూడా చూపించింది' అన్నాడు. ఎక్కడెక్కడ తిరుగుతున్నావో నువ్వు ఎవరికైనా చెప్పావా?"

కొమ్మయ్య ఫోను మళ్లీ చూశాడు. అతను వెళ్లిన ప్రతి చోటునూ గరుడనేత్రం చుక్కలుగా రాసిపెట్టింది. నల్లమద్ది చెట్టు దగ్గర చుక్కలు చీమల బారులా ఉన్నాయి. వాటి కింద సన్నటి అక్షరాల్లో ఒక వాక్యం. "మీ వివరాలను మా భాగస్వాములతో పంచుకుంటాం." దానికీ అతను సరే అనే ఉన్నాడు.

"ముక్కు మీద పొడిచాను. దిగిపోయాడు" అంది రేగమ్మ. "గాయం మానాక మళ్లీ వస్తానన్నాడు."

కొమ్మయ్య మళ్లీ రెక్కలు విప్పాడు. "ఇంకో కవచం ఉందట, రంగప్పనడిగి నాలుగో పొర వేయిస్తా" అన్నాడు.

"ఆగు" అంది రేగమ్మ. "ఈ గోడ ఎవరు మెత్తారు?"

"నువ్వే."

"మూడుసార్లు ఎందుకు మెత్తాను?"

"మందంగా ఉండాలని."

"కాదు. మట్టి ఎండితే బీటలు పడతాయి. ఎప్పటి బీట అప్పుడు పూడ్చాలి. అందుకు మూడుసార్లు మెత్తాను. ఇక ఈ కంత చూడు. నీ ముక్కు పడుతుంది. ఉడుము తల పట్టదు. ఇన్నాళ్లూ మమ్మల్ని కాపాడింది గోడ మందం కాదయ్యా, కంత కొలత. నీ కావలివాళ్లకు నువ్వెంత కంత పెట్టావు?"

కొమ్మయ్య ఫోను వైపు చూశాడు. కంత కాదు, మొత్తం ద్వారమే తీసి ఇచ్చాడు. అదీ ముగ్గురికి.

అతను ఏటి ఒడ్డుకు వెళ్లి మట్టి ఉండలు తెచ్చాడు. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు తెచ్చాడు. రేగమ్మ లోపలి నుంచి బొక్క పూడ్చింది. మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. "ఇక ఫోను సంగతి చూసిరా" అంది ఆమె.

అడవిలో ఫోన్లు బాగుచేసేది ముళ్లపంది ఈదమ్మ. బండకింద కూర్చుని, తన ముల్లుతోనే ఫోన్లలో సిమ్‌లు తీస్తుంది, పెడుతుంది. కొమ్మయ్య వెళ్లేసరికి తొండ రంగప్ప కూడా అక్కడే ఉన్నాడు.

"అత్తా, వీటిలో ఏ కవచం మంచిదో చెప్పు. మిగిలిన రెండూ తీసేస్తాను" అన్నాడు కొమ్మయ్య.

ఈదమ్మ ఫోను అటూ ఇటూ తిప్పి చూసింది. "ముగ్గురు కావలివాళ్లను బయటి నుంచి తెచ్చావు. ఇంట్లో పుట్టినవాణ్ని మాత్రం పస్తు పెట్టావు" అంది.

"ఇంట్లో పుట్టినవాడెవరు?"

"ఫోనుతో పాటే వచ్చిన కావలివాడు. మన అంగడి నుంచి ఏ యాప్ వచ్చినా వాడు తనిఖీ చేస్తాడు. బయటి సరుకు వస్తే ఆపి అడుగుతాడు. నిన్నూ అడిగే ఉంటాడే?"

"అడిగాడు" అన్నాడు కొమ్మయ్య. "సణుగుడు అనుకున్నాను."

రంగప్ప ఆకాశం వైపు చూశాడు.

"ఇంకో మాట" అంది ఈదమ్మ. "ఈ ఫోన్‌లో ఒక్కో యాప్‌కు ఒక్కో కలుగు. ఒకదాని కలుగులోకి ఇంకొకటి తొంగిచూడలేదు. నీ కవచాలదీ అదే గతి. నువ్వు గోడలు పగలగొట్టి ఇస్తే తప్ప వాటికీ పక్క కలుగు కనబడదు. మరి పదిహేడు పురుగులున్నాయని లెక్క ఎలా చెప్పాయి?"

"ఎలా చెప్పాయి?"

"భయపడితే సరే అంటావని చెప్పాయి. ఆ అప్‌డేట్‌కు ఎన్నిసార్లు తర్వాత అన్నావో చూడు. పదకొండుసార్లు! అది బీటలు పూడ్చే మట్టిరా అబ్బీ. మట్టి గుమ్మంలోకి వస్తే వెనక్కి పంపావు."

కొమ్మయ్యకు రేగమ్మ మాట గుర్తొచ్చింది. రేగమ్మా, ఈదమ్మా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. అయినా ఒకటే చెప్పారు.

"మరి బయటి కావలివాళ్లు ఎవరికీ వద్దా?" అని అడిగాడు.

"అందరూ దొంగలని నేననను. పనిచేసేవీ కొన్ని ఉంటాయి. కానీ బీటలు పూడ్చి, అంగడి సరుకే తెచ్చుకుని, అడ్డమైన లింకులూ నొక్కకుండా ఉండేవాడికి వాటితో పని పడదు. ఈ పనులు చేయనివాడిని ఆ కవచాలూ కాపాడలేవు. ఇంకో సంగతి, చాలా పాత ఫోన్లుంటాయి. వాటికి అప్‌డేట్లే రావు. అలాంటి దానికి కవచాలు తగిలించడం దండగ. ఫోనే మార్చుకోవాలి. నీదింకా మంచిదే."

"తీసేస్తావా బావా?" అన్నాడు రంగప్ప. మెడ ఎర్రబడింది. "రేపు ఏదైనా జరిగితే నన్ననొద్దు."

"ఇవాళే జరిగింది" అన్నాడు కొమ్మయ్య. "ఒకటి చెప్పు. నీ ఫోన్‌లో పురుగు దూరిందా ఎప్పుడైనా?"

"లేదు."

"మరి నాకెందుకు పెట్టించావు?"

రంగప్ప మెడ ఎరుపు దిగిపోయింది. "పదిమందికి పంపితే నాకు ఏడాదిపాటు ప్రకటనలు రావన్నారు" అన్నాడు చిన్నగా. "నువ్వు పదోవాడివి బావా. ప్రకటనలు ఆగలేదు."

"మిగిలిన తొమ్మిదిమంది దగ్గరకూ వెళ్లు. వెళ్లి ఈ మాటే చెప్పు" అంది ఈదమ్మ. అని ముళ్లు ఒక్కసారి గలగలలాడించింది. రంగప్ప తల ఊపుతూనే బండ దిగాడు.

కొమ్మయ్య నల్లమద్ది చెట్టుకు తిరిగివచ్చాడు. కంత పక్కన కొమ్మ మీద కూర్చున్నాడు. మొదట ఉక్కుకవచం తీసేశాడు. తర్వాత వజ్రకవచం తీసేశాడు. గరుడనేత్రం మాత్రం ఊరికే పోలేదు. "నన్ను తీసేస్తే మీ కుటుంబం ప్రమాదంలో పడుతుంది" అంది. కొమ్మయ్య ముందు దానికిచ్చిన అనుమతులన్నీ ఒక్కొక్కటే లాగేసుకున్నాడు. ఆ తర్వాత దాన్నీ తీసేశాడు. రేగమ్మ నంబరు మళ్లీ తెరిచాడు.

ఇక మిగిలింది అప్‌డేట్.

"రేగా, నలభై నిమిషాలు నా ఫోను పనిచేయదు" అన్నాడు.

"మట్టి ఆరలేదు" అంది రేగమ్మ.

"తెలుసు. అందుకే ఎక్కడికీ వెళ్లను. ఇక్కడే కూర్చుంటాను."

"నీకు ఆకలి కాదూ?"

"అవుతుంది. కానీ రేపైనా ఇదే నలభై నిమిషాలు. రేపు మళ్లీ తర్వాత అనాలనిపిస్తుంది. ఇవాళే చేసేస్తా."

"ఇప్పుడు చేయి" నొక్కాడు. తెర నల్లబడింది.

పావుగంట గడిచింది. కింద ఆకులు గలగలమన్నాయి. ఉడుము వచ్చాడు. ముక్కు మీద ఎండిన నెత్తురు మచ్చ ఉంది. ఉడుము పట్టు అంటారు చూశారా, అలా మాను కరుచుకుని ఒక్కో అడుగే ఎక్కుతున్నాడు.

"గాయం మానేదాకా ఆగుదామనుకున్నా. ఆకలి ఆగనివ్వలేదు" అన్నాడు ఉడుము. "ఫోను నల్లగా ఉందేం కొమ్మయ్యా? చచ్చిందా?"

"నిద్రపోతోంది. నేను మేలుకున్నాను" అన్నాడు కొమ్మయ్య.

"పక్కకు తప్పుకో. నీకు రెక్కలున్నాయి, ఎగిరిపోవచ్చు."

ఎగిరిపోవచ్చు. ఆ మాట నిజమే. కొమ్మయ్య కొమ్మ వదిలేశాడు. కానీ ఎగిరిపోలేదు. మానుకు అడ్డంగా అతుక్కుని, పచ్చిమట్టి మీద తన రొమ్ము ఆనించి నిలబడ్డాడు.

ఉడుము తోకతో కొట్టాడు. ఈకలు రాలాయి. కొమ్మయ్య కదల్లేదు. ఉడుము రెండోసారి కొట్టాడు. కొమ్మయ్య కాలి గోళ్లు మానులో ఇంకా లోతుగా దిగాయి. మూడోసారి ఉడుము అతని మీదుగా మెడ చాచి కంతలో తల పెట్టబోయాడు. తల పట్టలేదు. నాలుక మాత్రం లోపలికి వెళ్లింది.

లోపల రేగమ్మ దానికోసమే కాచుకుని ఉంది. ముక్కుతో గట్టిగా పట్టుకుని లాగింది. ఉడుము అరవబోతే అరుపు రాలేదు. కొమ్మయ్య పక్క నుంచి పాత గాయం మీదే పొడిచాడు. రేగమ్మ నాలుక వదిలింది. ఉడుము పట్టు సడలింది. కింద పొదలో ధబ్బున పడ్డాడు. లేచి, వెనక్కి చూడకుండా ఏటివైపు నడిచాడు.

కొమ్మయ్య మాను మీద అలాగే ఉన్నాడు. రొమ్ము కింద మట్టి మెల్లగా గట్టిపడుతోంది. పిల్లలు లోపల ఏదో కొట్లాడుకుంటున్నారు. ఎండ చెట్టు అవతలికి జరిగింది.

ఫోను తెర వెలిగింది. చల్లగా ఉంది. అప్‌డేట్ పూర్తయిందని చూపించింది. ఇంకేమీ అనలేదు. పొగుడుకోలేదు, భయపెట్టలేదు.

వెంటనే మోగింది. రేగమ్మ. గోడకు అవతల, జానెడు దూరంలో ఉంది.

"హలో" అన్నాడు కొమ్మయ్య.

"మోగుతోందా లేదా అని చూశాను" అంది రేగమ్మ. "మోగుతోంది. ఇంకా కూర్చున్నావేం? పిల్లలకు ఆకలి. వెళ్లిరా."

కొమ్మయ్య రెక్కలు విదిలించి ఏటివైపు ఎగిరాడు.

నీతి: గూటికైనా ఫోనుకైనా ఉన్న గోడకు బీటలు పూడ్చుకోవాలి, కంత కొలత తప్పనివ్వకూడదు, భయపెట్టి వచ్చిన కావలివాడికి ద్వారం తెరిచి ఇవ్వకూడదు.